1868 సంపూర్ణ సూర్యగ్రహణం: హీలియం నిజంగా గుంటూరులోనే బయటపడిందా?

శ్రీవిద్య (తెనాలి):
అందరికీ నమస్కారం. "హీలియం మూలకాన్ని 1868 ఆగస్టు 18న గుంటూరులో ఫ్రెంచి శాస్త్రవేత్త పియెర్ జాన్సెన్ కనుగొన్నారు" అనే వాక్యం పోటీ పరీక్షల పుస్తకాల్లోనూ, ఆదివారం అనుబంధాల్లోనూ ఎన్నో ఏళ్ళుగా కనిపిస్తూనే ఉంది. గుంటూరుకు ఇంత పెద్ద చరిత్ర ఉన్నట్లు ఊళ్ళోనే చాలామందికి తెలియదు. తెలిసినవారు కూడా ఈ ఒక్క వాక్యంతో ఆగిపోతున్నారు. నా సందేహం ఏమిటంటే, అయిదారు నిమిషాల గ్రహణంలో, ఆకాశంలో ఒక కాంతిగీతను చూసినంత మాత్రాన కొత్త మూలకం దొరికినట్లు ఎలా చెప్పగలిగారు? ఆ రోజు జాన్సెన్ అసలు ఏమి చూశారు, ఏమి రాశారు? తెలిసిన పెద్దలు వివరంగా చెప్పగలరని ఆశిస్తున్నాను.

బందరు వాసి:
శ్రీవిద్య గారూ, ముందుగా ఆనాటి పరిస్థితిని కొంత చెబుతాను. ఆ గ్రహణపు నీడ పడమటి తీరం నుండి బీజాపూరు ప్రాంతం, వనపర్తి, గుంటూరు, మచిలీపట్నం మీదుగా సాగి బంగాళాఖాతం దాటి సయాం దేశం (ఇప్పటి థాయిలాండ్) వైపు వెళ్ళింది. మన ప్రాంతంలో సంపూర్ణ గ్రహణం అయిదు నిమిషాలకు పైగా నిలిచింది, అది చాలా అరుదైన నిడివి. అందుకే ఐరోపా నుండి, మద్రాసు నుండి పరిశీలక బృందాలు ఇక్కడికి వచ్చాయి. గుంటూరులో జాన్సెన్ ఒక్కరే లేరు. బ్రిటిష్ వారి తరఫున బెంగాల్ ఇంజినీర్ల దళానికి చెందిన మేజర్ టెనంట్ కూడా అక్కడే మకాం వేసి గ్రహణాన్ని ఛాయాచిత్రాలు తీశారు. మా బందరులో మద్రాసు వేధశాల అధిపతి నార్మన్ పాగ్సన్ ఉన్నారు. నక్షత్రాల ప్రకాశాన్ని కొలిచే తరగతుల మధ్య 2.512 అనే నిష్పత్తిని ప్రతిపాదించిన పాగ్సన్ ఈయనే.

అప్పటికి గుంటూరు జిల్లా లేదనే సంగతి కూడా చాలామందికి తెలియదు. 1859లో దానిని రద్దు చేసి కృష్ణా జిల్లాలో కలిపారు, 1904లో గానీ తిరిగి ఏర్పడలేదు. ఆ ఊరికి అప్పటికి రైలు కూడా లేదు. 1864 నవంబరు 1 నాటి తుఫాను ఉప్పెనలో బందరు సుమారు ముప్ఫై వేల ప్రాణాలను పోగొట్టుకుని నాలుగేళ్ళు కూడా పూర్తి కాలేదు. అటువంటి కాలంలో, అటువంటి తీరానికి, సున్నితమైన గాజు పరికరాలను పెట్టెల్లో మోసుకుని వచ్చారు ఈ మనుషులు.

సముద్రం మీది పొగమంచు బందరులో అడ్డు వస్తుందని, కొండల దగ్గర మేఘాలు ముసురుతాయని ఆలోచించి, రెంటికీ నడుమ నీడ మధ్యరేఖ మీద ఉన్న గుంటూరును జాన్సెన్ ఎంచుకున్నారు.

వర్ణపటం:
అసలు ప్రశ్నకు వద్దాం. సూర్యుడు పూర్తిగా కప్పబడినప్పుడు చంద్రబింబం అంచున ఎర్రని జ్వాలాశిఖలు కనిపిస్తాయి. అవి చంద్రుడివా, సూర్యుడివా అనే వివాదం 1860లో స్పెయిన్‌లో కనిపించిన గ్రహణం ఛాయాచిత్రాలతో తీరిపోయింది. అవి సూర్యుడివేనని తేలింది. మిగిలిన ప్రశ్న, అవి దేనితో తయారయ్యాయి అన్నది. ఈలోగా జర్మనీలో కిర్కాఫ్, బున్‌సెన్ కలిసి ప్రతి మూలకానికీ తనదైన కాంతిగీతలు ఉంటాయని చూపించారు. కాబట్టి కాంతిని రంగులుగా విడదీసి చూపే వర్ణపటదర్శినిని ఆ జ్వాలల వైపు తిప్పగలిగితే జవాబు దొరుకుతుందని అందరికీ తెలుసు. 1868 గ్రహణం ఆ అవకాశాన్ని మొదటిసారి ఇచ్చింది.

ఆగస్టు 18 ఉదయం జాన్సెన్ చూసినవి మెరిసే గీతలు. అంటే ఆ జ్వాలలు వేడికి వెలుగుతున్న వాయువే తప్ప ఘనపదార్థం కాదు. ఎరుపు గీత, నీలిగీత హైడ్రోజన్ గీతలతో సరిపోయాయి. ఆయన ప్రకటించిన ఫలితం కూడా అదే, ఆ జ్వాలల్లో ప్రధానంగా ఉన్నది హైడ్రోజన్ అని. కొత్త మూలకం గురించి ఆ ప్రకటనలో ఒక్క ముక్క కూడా లేదు.

మరి తరువాత హీలియానికి గుర్తుగా నిలిచిన పసుపు గీత మాటేమిటి? దానిని ఆ రోజు పలువురు చూశారు. సయాంలో పరిశీలించిన ఫ్రెంచి శాస్త్రవేత్త రాయె కూడా దానిని నమోదు చేశారు. కానీ దానిని సోడియం గీతగా, అంటే వర్ణపటంలో 'డి' అని పిలిచే చోటుకు చెందినదిగా భావించారు. ఉప్పు మంటలో వేస్తే వచ్చే పసుపు రంగు అదే కాబట్టి ఆ ఊహ సహజమే. సోడియం గీతలు రెండు, 589.0, 589.6 నానోమీటర్ల దగ్గర ఉంటాయి. ఈ కొత్త గీత 587.6 దగ్గర ఉంది. తేడా నానోమీటరున్నర కూడా లేదు. చీకట్లో, చేతి గడియారం పరుగెడుతుండగా, అంత చిన్న తేడాను పట్టుకోవడం మనిషికి దాదాపు అసాధ్యం. పైగా మామూలు సూర్యకాంతిలో కనిపించే నల్లగీతలు గ్రహణ సమయంలో మాయమవుతాయి. గీత ఎక్కడుందో పోల్చి చూసుకోవడానికి కొలబద్ద లేకుండా పోతుంది.

కాబట్టి నా అభిప్రాయం స్పష్టం: "జాన్సెన్ గుంటూరులో హీలియం కనుగొన్నారు" అనే వాక్యం తప్పు.

కొత్తపేట రామారావు (గుంటూరు):
వర్ణపటం గారూ, మీరు చెప్పిన భౌతికశాస్త్రాన్ని కాదనడం లేదు. అయితే ప్రపంచంలోని ఎన్నో విజ్ఞాన సర్వస్వాలు హీలియం ఆవిష్కర్తలుగా జాన్సెన్, ఇంగ్లండుకు చెందిన లాకియర్ ఇద్దరి పేర్లనూ చెబుతున్నాయి. గుంటూరులో ఏమీ జరగకపోతే జాన్సెన్ పేరు అక్కడికి ఎలా వెళ్ళింది? నూట యాభై ఏళ్ళకు పైగా నిలిచిన ఆ గౌరవాన్ని మనమే ఒక్క వాక్యంతో కొట్టివేయడం నాకు బాధ కలిగిస్తోంది. మన ఊళ్ళ చరిత్రను మనం పట్టించుకోకపోవడం వల్లనే ఇలాంటివి మరుగున పడిపోతున్నాయి.

పాత కాగితాలు:
రామారావు గారూ, మీ ఊరి గౌరవానికి భంగం లేదు. ఏమి జరిగిందో కాగితాల్లో ఉన్న వరుసలోనే చెబుతాను, చూడండి.

గ్రహణం నడుస్తుండగానే ఆ గీతలు ఎంత ప్రకాశవంతంగా ఉన్నాయో చూసి, గ్రహణం లేకుండా కూడా వీటిని చూడవచ్చునన్న ఆలోచన జాన్సెన్‌కు తట్టింది. ఆ రోజు మిగతా భాగం మేఘాలు అడ్డుపడ్డాయి. మర్నాడు, అంటే ఆగస్టు 19న, సూర్యుడు ఉదయించగానే వర్ణపటదర్శిని చీలికను సూర్యబింబం అంచుకు సరిగ్గా ఆనించి చూశారు. జ్వాలల గీతలు పట్టపగలు కనిపించాయి. అప్పటి వరకు మనిషి జీవితంలో కొన్ని నిమిషాలు మాత్రమే చూడగలిగిన దృశ్యాన్ని ఆయన గుంటూరులో పదిహేడు రోజుల పాటు పరిశీలించారు. గ్రహణమప్పుడు చూసిన జ్వాల మర్నాటికి పూర్తిగా రూపం మార్చుకున్నట్లు గమనించారు.

ఆ ఫలితాలను పారిస్‌లోని శాస్త్ర అకాడమీకి సెప్టెంబరు 19న కాకినాడ నుండి జాబుగా పంపారు. సూయజ్ కాలువ ఇంకా తెరుచుకోలేదు. అది 1869 నవంబరు మాట. జాబు చేరడానికి నెల దాటింది. ఇంతలో, అక్టోబరు 20న, ఇంగ్లండులో యుద్ధ శాఖలో గుమాస్తాగా పనిచేస్తూ తీరిక వేళల్లో ఖగోళ పరిశీలన చేసే నార్మన్ లాకియర్, గ్రహణం చూడకుండానే ఇదే పద్ధతిలో ఇదే ఫలితం సాధించారు. ఆయనకు ఈ ఆలోచన 1866లోనే వచ్చింది గానీ, తగిన పరికరం చేతికి వచ్చేసరికి 1868 అక్టోబరు అయింది. ఆయన వార్త, కాకినాడ జాబు రెండూ అక్టోబరు 26న ఒకే సమావేశంలో, కొన్ని నిమిషాల తేడాతో అకాడమీ ముందుకు వచ్చాయి.

ఎవరు ముందు అనే తగాదా పెరగకుండా, ఇద్దరికీ సమాన గౌరవం ఇవ్వాలని అకాడమీ వారు నిర్ణయించుకున్నారు. 1872లో ఫ్రెంచి ప్రభుత్వం ఇద్దరి ముఖాలనూ పక్కపక్కన ముద్రించి ఒక పతకాన్ని చేయించింది. ఆ పతకం రెండోవైపు చెక్కిన మాటలు గమనించదగ్గవి: సౌర జ్వాలాశిఖల విశ్లేషణ, 1868 ఆగస్టు 18. హీలియం ప్రస్తావన లేదు. గుంటూరు తేదీ మాత్రం ఉంది.

ఈ ఇద్దరి పేర్లూ జంటగా నిలిచిపోవడం వల్ల, తరువాతి కాలంలో లాకియర్ పేరు హీలియంతో ముడిపడినప్పుడు జాన్సెన్ పేరు కూడా దానితోపాటే నడిచివచ్చింది. రామారావు గారి ప్రశ్నకు నాకు తెలిసిన జవాబు ఇది.

శ్రీవిద్య (తెనాలి):
ఎంతో చక్కగా చెప్పారు. ఒక్క విషయం మాత్రం ఇంకా అర్థం కాలేదు. సూర్యుడి వెలుగులో ఆ జ్వాలలు కనిపించకపోవడానికి కారణం వెలుగు ఎక్కువ కావడమే కదా. మరి వర్ణపటదర్శిని పెట్టగానే ఆ వెలుగు ఎక్కడికి పోయింది?

నాగమణి, భౌతికశాస్త్ర ఉపన్యాసకురాలు:
వెలుగు ఎక్కడికీ పోదండీ, పలచబడుతుంది. ఆకాశపు వెలుగులో అన్ని రంగులూ ఉంటాయి. దానిని పట్టకం గుండా పంపితే ఎరుపు నుండి ఊదా వరకు పట్టీలా పరుచుకుంటుంది. పట్టకాలు ఒకదాని వెనుక ఒకటి పెంచుకుంటూ పోతే పట్టీ ఇంకా పొడవవుతుంది, ఏ చోట చూసినా వెలుగు తగ్గుతుంది. జ్వాల నుండి వచ్చే కాంతి అలా కాదు. అందులో కొన్ని నిర్దిష్టమైన రంగులే ఉంటాయి కాబట్టి ఎంత పరిచినా ఆ గీత గీతగానే ఉంటుంది. దోసెపిండిని పెనం మీద ఎంత వెడల్పుగా తిప్పితే అంత పలచబడుతుంది, అందులో పడిన మిరియపు గింజ మాత్రం పలచబడదు. గుంటూరులో జాన్సెన్‌కు తట్టిన ఉపాయం సారాంశం ఇదే.

ఇప్పుడు వర్ణపటం గారు చెప్పిన కొలబద్ద మాటను దీనితో కలిపి చూడాలి. గ్రహణం లేనప్పుడు చూస్తే, మెరిసే గీతల పక్కనే ఆకాశపు వెలుగులోని నల్లగీతలు కూడా కనిపిస్తాయి, సోడియం 'డి' గీతలతో సహా. కొలబద్ద తిరిగి వచ్చిందన్నమాట. అందువల్లనే లాకియర్ తొలి వార్తలోనే ఎరుపు గీత హైడ్రోజన్‌తో కచ్చితంగా కలిసిందని, పసుపు గీత మాత్రం 'డి'కి కొద్దిగా పక్కన ఉందని రాయగలిగారు. ఆ గీతకు జంటగా మామూలు సూర్యకాంతిలో నల్లగీత కనిపించదు. భూమి మీద తెలిసిన ఏ పదార్థమూ ఆ గీతను ఇవ్వలేదు. రసాయన శాస్త్రవేత్త ఫ్రాంక్‌లాండ్‌తో కలిసి లాకియర్ ప్రయోగశాలలో హైడ్రోజన్‌ను రకరకాల ఒత్తిళ్ళలో పరీక్షించినా అది రాలేదు. అక్కడి నుండే కొత్త మూలకం ఉండవచ్చునన్న ఆలోచన పుట్టింది.

కాబట్టి నేను ఇలా అంటాను: హీలియాన్ని పట్టిచ్చిన పద్ధతి ప్రపంచంలో మొట్టమొదట పనిచేసినది గుంటూరులో, 1868 ఆగస్టు 19 ఉదయం. పాఠ్యపుస్తకాలు 18వ తేదీని చెప్పి 19వ తేదీని వదిలేయడమే నాకు అన్యాయంగా తోస్తుంది. గ్రహణాన్ని చాలామంది చూశారు. మర్నాడు, అందరూ పెట్టెలు సర్దుకునే వేళ, మళ్ళీ సూర్యుడి వైపు పరికరం తిప్పినవారు ఆయన ఒక్కరే.

పంచాంగం సుబ్బరాయ శర్మ:
శాస్త్ర చర్చకు అడ్డం రావడం లేదు గానీ, ఒక చిన్న వివరం చేరుస్తాను. ఆ రోజు ఏ తిథి అయి ఉంటుందో గణించి చూశాను. విభవ నామ సంవత్సరం, ఆ చాంద్రమాసంలో సింహ సంక్రమణం వచ్చింది కాబట్టి శ్రావణ మాసం, బహుళ అమావాస్య, మంగళవారం. అంటే మన కోస్తా ఇళ్ళలో కందమొక్కను పూజించే పోలాల అమావాస్య, పైగా శ్రావణ మంగళవారం. బిడ్డల క్షేమం కోరి తల్లులు చేసుకునే నోము రోజునే, ఉదయం పూట సూర్యుడు పూర్తిగా మూసుకుపోయాడు. గ్రహణం విడిచి స్నానాలు అయ్యే వరకు పూజకు గానీ, వంటకు గానీ ఆచారం ఒప్పుకోదు కనుక, ఆ ఏడు నోములు పొద్దెక్కాకే జరగవలసి వచ్చి ఉంటుంది. గుంటూరు చరిత్రను చెప్పేటప్పుడు దూరదేశపు దొరల పేర్లతో పాటు ఆ ఊరి ఇళ్ళలో ఆ రోజు ఏ రోజో కూడా చెప్పడం న్యాయమని నా భావన.

వనపర్తి వెంకటేశం:
శర్మ గారి మాట నాకు ఎంతో నచ్చింది. దొరల పేర్ల మధ్య మరుగునపడిన మరొక పేరు చెబుతాను. అప్పుడు నిజాం రాజ్యంలో ఉన్న మా వనపర్తికి మద్రాసు వేధశాల నుండి ఒక బృందం వచ్చింది. దానికి నాయకత్వం వహించినది చింతామణి రఘునాథాచారి. వేధశాలలో పాగ్సన్‌కు సహాయకుడైన ఆయన అంతకు ముందు సంవత్సరమే, 1867లో, 'ఆర్ రెటిక్యులై' అనే చరకాంతి నక్షత్రాన్ని, అంటే వెలుగు హెచ్చుతగ్గులయ్యే నక్షత్రాన్ని, గుర్తించారు. 1872లో లండన్‌లోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీలో సభ్యులయ్యారు. 1874లో శుక్రుడు సూర్యబింబం మీదుగా సాగినప్పుడు, సామాన్యులకు ఆ విషయం అర్థమయ్యేలా భారతీయ భాషల్లో చిన్న పుస్తకం రాసిన మనిషి ఆయన. విదేశీ పరిశీలకుల పేర్లు పోటీ పరీక్షల్లో అడుగుతారు. వనపర్తిలో టెలిస్కోపు నిలబెట్టిన భారతీయుడి పేరు ఎవరూ అడగరు. ఇది సరిచేయవలసిన లోపం.

విశాఖ తీరం:
వెంకటేశం గారూ, అదే కాలానికి చెందిన మరో తెలుగు పేరు: గోడే వెంకట జగ్గారావు. 1840లోనే విశాఖపట్నంలో సొంత ఖర్చుతో వేధశాల కట్టించారు. ఆయన తరువాత అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దానిని నడిపి, మీరు చెప్పిన 1874 శుక్ర సంక్రమణాన్ని అక్కడి నుండే పరిశీలించారు. విశాఖ ఆ నీడ దారిలో లేదు గనుక 1868 కథలో దానికి చోటు లేదు, అంతే.

శ్రీవిద్య (తెనాలి):
మరి భూమి మీద హీలియం ఎప్పుడు దొరికింది?

వర్ణపటం:
1895లో. లండన్‌లో విలియం రామ్సే యురేనియం ఉన్న క్లీవైట్ అనే ఖనిజాన్ని ఆమ్లంతో కలిపి వెలువడిన వాయువును పరీక్షిస్తే అదే పసుపు గీత కనిపించింది. అప్పటికి ఇరవై ఏడేళ్ళు గడిచాయి. ఆ మధ్య కాలమంతా చాలామంది రసాయన శాస్త్రవేత్తలు లాకియర్ మాటను నమ్మలేదు. సూర్యుడిలో తప్ప ఎక్కడా లేని మూలకం అంటే సందేహించడం వారి తప్పు కూడా కాదు.

నాగమణి గారి సవరణను నేను మనస్ఫూర్తిగా ఒప్పుకుంటున్నాను. నేను తప్పు అన్నది వాక్యాన్ని మాత్రమే, గుంటూరు పాత్రను కాదు.

సింగపూరు సత్యనారాయణ:
ఇదే గ్రహణానికి తూర్పు కొసన జరిగిన ఒక విషాదం ఇక్కడ చెప్పాలి. సయాం రాజు మోంగ్‌కుట్ స్వయంగా గణితం చేసి, సంపూర్ణ గ్రహణం ఎక్కడ కనిపిస్తుందో ముందుగా నిర్ణయించి, వా కో అనే అడవి తీరానికి విదేశీ అతిథులను ఆహ్వానించారు. ఫ్రెంచి బృందం కూడా అక్కడికే వెళ్ళింది, రాయె చూసినది అక్కడే. రాజుగారి లెక్క సరిపోయింది. కానీ ఆ చిత్తడి నేలల్లో మలేరియా సోకి, అక్టోబరు 1న ఆయన మరణించారు.

కొత్తపేట రామారావు (గుంటూరు):
ఇంత వివరం తెలిసిన తరువాత నాకు బాధ లేదు, సంతోషమే ఉంది. ఊరికే ఒక మూలకం పేరు చెప్పుకోవడం కంటే, సూర్యుడిని గ్రహణం కోసం ఎదురుచూడకుండా పరిశీలించే పద్ధతి మా ఊళ్ళో మొదలయిందని చెప్పుకోవడంలో ఎక్కువ నిజమూ ఉంది, ఎక్కువ గర్వమూ ఉంది. ఆగస్టు 19ని గుర్తుచేసే ఒక శిలాఫలకం గుంటూరులో ఉండాలని నా కోరిక. అందులో జాన్సెన్‌తో పాటు టెనంట్, పాగ్సన్, రఘునాథాచారి పేర్లు కూడా ఉండాలి. ఒక ప్రశ్న మిగిలింది: జాన్సెన్ మళ్ళీ మన దేశానికి వచ్చారా?

పాత కాగితాలు:
వచ్చారు. అసలు 1868లో గుంటూరు పని ముగిశాక వెంటనే తిరిగి వెళ్ళలేదు; సిమ్లా వెళ్ళి ఆ చలికాలంలోనూ అదే పద్ధతితో పరిశీలనలు కొనసాగించారు. 1870 డిసెంబరులో జర్మన్ సేనలు పారిస్‌ను ముట్టడించి ఉండగా, అల్జీరియాలో గ్రహణం చూడడానికి బెలూన్ ఎక్కి నగరం దాటారు. చిన్ననాటి ప్రమాదం వల్ల ఆయనకు జీవితాంతం కుంటినడకే. అంత సాహసం చేసినా అక్కడ మేఘాలు కమ్మి ఏమీ కనిపించలేదు. మరుసటి ఏడు, 1871 డిసెంబరు 12న, మళ్ళీ దక్షిణ భారతంలో సంపూర్ణ గ్రహణం వచ్చినప్పుడు నీలగిరుల్లోని షోలూరుకు వచ్చారు. ఈసారి వాతావరణం అనుకూలించింది. గ్రహణ సమయంలో సూర్యుడి చుట్టూ కనిపించే కరోనా వెలుగులో సూర్యకాంతి నల్లగీతలను గుర్తించి, అక్కడ సూర్యకాంతిని చెదరగొట్టే పదార్థం ఉందని చూపించారు. రఘునాథాచారి కూడా అదే గ్రహణాన్ని మద్రాసు వేధశాల తరఫున అవినాశి నుండి పరిశీలించారు.